తెలుగు మీడియంలో చదివినవాళ్లు థెరపిస్టులు కాలేరా?

ప్రశ్న: బీఏ సైకాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. క్లినికల్ సైకాలజిస్టు కావాలని ఉంది. కానీ పుస్తకాల్లో ఉన్న థెరపీలన్నీ విదేశాల్లో పుట్టినవే. అవి మన ఊళ్లవాళ్లకు పనికొస్తాయా? నా ఇంగ్లిష్‌తో నెగ్గుకురాగలనా? - ఒక విద్యార్థిని, నంద్యాల

జవాబు: రాగలరమ్మా. మీ మొదటి ప్రశ్న చాలా విలువైనది, అందుకే ముందు దానికే జవాబు చెప్తాను.

1960లలో అమెరికాలో ఆరన్ బెక్ రూపుదిద్దిన కాగ్నిటివ్ థెరపీనే తీసుకోండి. మన ఆలోచనను బట్టి మనసు, మనసును బట్టి పని మారతాయన్నది ఎక్కడైనా నిజమే. చేయించే పద్ధతి దగ్గరే చిక్కు. రోజూ వచ్చే ఆలోచనల్ని నోట్‌బుక్‌లో రాసుకు రమ్మంటారు. ఉమ్మడి కుటుంబంలో ఉన్న కోడలు ఆ పుస్తకాన్ని ఎక్కడ దాచుకుంటుంది? చదువు రానివాళ్లు ఏం రాస్తారు? అలాంటివాళ్లతో అదే పని నోటిమాటగా చేయించాలి.

గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన డిప్రెషన్ రోగులతో, సైకాలజీ డిగ్రీ లేని స్థానికులే శిక్షణ తీసుకుని ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు మాట్లాడారు. మానేసిన పనుల్ని మళ్లీ మెల్లగా మొదలుపెట్టించడమే ఆ థెరపీలో ముఖ్యం. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకంటే వీళ్లు బాగా కోలుకున్నారని 2017లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలోనే రోగుల కుటుంబాలను ఆవరణలో గుడారాలు వేసి ఉంచి, వైద్యంలో భాగం చేశారు.

మన దగ్గర చాలామంది 'ఒళ్లంతా మంటలు, తల బరువు, గుండె దడ' అంటూ వస్తారు. శరీర పరీక్షలు అయ్యాయో లేదో కనుక్కోవాలి. 'అదంతా మీ మనసులోనే ఉంది' అన్నారంటే ఆ మనిషి మళ్లీ రారు. మానసిక సమస్యల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తెచ్చిన పుస్తకం డీఎస్ఎం-5 (2013). రోగి తన బాధను ఎలా అర్థం చేసుకుంటున్నారో తెలుసుకోవడానికి అందులో 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఉంది. ఈ బాధ ఎందుకొచ్చిందని మీరు అనుకుంటున్నారు, ఇంతకుముందు ఎవరి దగ్గరికి వెళ్లారు అని అడుగుతారు. తాయెత్తు కట్టించుకున్నామంటే నవ్వకుండా వినాలి. అలాగని ఊరు, కులం చూసి మనిషిని అంచనా వేయకూడదు. భర్త కొడుతున్నాడని చెప్పుకున్న ఆమెకు 'మన సంప్రదాయం, సర్దుకుపో' అని చెప్పడం థెరపీ కానే కాదు. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇక చదువు. ఎంఏ సైకాలజీ ఒక్కటే చాలదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్న క్లినికల్ కోర్సు చేసి, కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. ఇన్నాళ్లూ ఆ దారి బెంగళూరు నిమ్‌హాన్స్, రాంచీ సీఐపీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ) లాంటి చోట్ల రెండేళ్ల ఎంఫిల్. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఎంఫిల్‌ను ఎత్తేసింది, ఈ కోర్సుకు మాత్రం 2025-26 ప్రవేశాల దాకా గడువిచ్చింది. దాని స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి. కాబట్టి ఫీజు కట్టే ముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ, ఆ కోర్సు, ఆ ఏడాది అనుమతి మూడూ చూసుకోండి.

ఇంగ్లిష్ విషయానికొస్తే, పుస్తకాలు చదవడానికీ, కేస్ రిపోర్టు రాయడానికీ అది తప్పదు. ఇప్పటి నుంచే రోజూ ఒక పేజీ చదివి, సొంత మాటల్లో ఐదు వాక్యాలు రాయండి. థెరపీ మాత్రం రోగి భాషలోనే జరుగుతుంది. కోర్సు ఎంచుకునేటప్పుడు, తెలుగు మాట్లాడే రోగులతో సూపర్‌విజన్ (అనుభవం ఉన్నవాళ్ల పర్యవేక్షణ) కింద పనిచేసే వీలుందా అని అక్కడి సీనియర్లను అడగండి.