గోదావరి డెల్టా తేమలో చిన్న ఫాంటసీ బొమ్మల పోత: రెజిన్ ఎందుకు పొంగుతుంది, ఏం చేయాలి?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. అమలాపురం దగ్గర మీ ఇంట్లో ఎపాక్సీ పుట్టీతో బొటనవేలంత రాక్షసుణ్ణి మలిచారు, దానికి సిలికాన్ రబ్బరుతో అచ్చు తీశారు, ఆన్‌లైన్‌లో తెప్పించిన, కలిపితే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్ అయిన రెండు సీసాల పాలీయురేథేన్ రెజిన్‌ను ఆగస్టు నెలలో కలిపి పోస్తే అది నురుగెత్తి పైకి పొంగింది, ముక్కూ మూతీ ఉండవలసిన చోట గుంటలు మిగిలాయి. రెజిన్ నకిలీదా, అచ్చు పాడైందా, అసలు మన ప్రాంతంలో ఈ వ్యాపకం సాగుతుందా అని అడిగారు. నేను పాలకొల్లులో ఉంటాను. మాంత్రికులు, బేతాళులు, గండభేరుండాలు వంటి చిన్న బొమ్మలను మలచడం, పోత పోయడం, రంగులు వేయడం చాలా ఏళ్లుగా నాకున్న అలవాటు. మీ రెజిన్ మంచిదే అయి ఉండవచ్చు, అచ్చుకు కూడా ఏమీ అయి ఉండదు. మీరు పోసిన కాలమే ఆ రసాయనానికి సరిపడదు.

పాలీయురేథేన్ రెజిన్ రెండు సీసాల్లో ఒక దానిలో పాలియాల్ అనే ద్రవం ఉంటుంది, రెండో సీసాలో ఐసోసయనేట్ ఉంటుంది. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడాలి. అయితే ఐసోసయనేట్ నీటితో కూడా చర్య జరుపుతుంది, ఆ చర్యలో కార్బన్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. సోఫాల్లోనూ పరుపుల్లోనూ ఉండే మెత్తటి ఫోమ్‌ను ఫ్యాక్టరీల్లో కావాలని పొంగించేది ఈ చర్యతోనే. మీ అచ్చులో జరిగింది కూడా అదే, కాకపోతే అక్కరలేని చోట జరిగింది. పాలియాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది కాబట్టి సీసా మూత తీసి ఉంచిన ప్రతి నిమిషం మిగిలిన రెజిన్ కూడా కొంత పాడవుతుంది. వానాకాలంలో మన డెల్టా గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలు విషయం. ఐసోసయనేట్ సీసా మూతి చుట్టూ తెల్లని పొర కట్టినా, అడుగున పలుకులు పేరుకున్నా దానిలోకి తేమ చేరిందని అనుకోవచ్చు. అటువంటి సీసాతో సన్నని ముఖాలు పోయడానికి ప్రయత్నించకండి.

చాలామంది గాలిలోని తేమను మాత్రమే తలచుకుని, చేతిలో ఉన్న తేమను మరచిపోతారు. కాగితపు కప్పు, ఐస్‌క్రీం పుల్ల రెండూ నీటిని పట్టి ఉంచుతాయి, కనుక ప్లాస్టిక్ కప్పు, స్టీలు కడ్డీ వాడండి. అచ్చులో సన్నని సందుల్లోకి రెజిన్ పారడానికి చల్లే టాల్కం పౌడరు కూడా తేమ పీల్చుకుని ఉంటుంది. దానిని వేడి చేసి, చల్లార్చి, బిగుతు మూత ఉన్న డబ్బాలో దాచుకోవాలి. నీటితో పలచన చేసే రంగును రెజిన్‌లో కలపకూడదు. సిలికాన్ రబ్బరు గుండా నీటి ఆవిరి చొరబడుతుంది కాబట్టి అచ్చును కూడా పోతకు ముందు సన్నని వేడి దగ్గర, చేతికి వెచ్చగా తగిలేదాకా, ఆరనివ్వాలి. మీరు ఇవేవీ చేయకుండా ఆగస్టులో పోసి ఉంటే అది పొంగకపోవడమే ఆశ్చర్యం.

ఇక కాలం సంగతి. తుపానులు వెనకబడి, కార్తీకం దాటి, పొలాల్లో కోతలు మొదలైనప్పటి నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు నేను రెజిన్ పని పెట్టుకుంటాను. ఆ రోజుల్లో కూడా తెల్లవారుజామున పోయను. చల్లగా ఉంటుందని ఆ వేళను ఎంచుకోవడం సహజమే గానీ, మంచు కురిసే ఆ సమయంలోనే గాలిలో తేమ శాతం అత్యధికంగా ఉంటుంది. మధ్యాహ్నం అది బాగా తగ్గుతుంది. గోడకు తగిలించే చిన్న తేమ మాపకం చవకగానే దొరుకుతుంది. అది 50 శాతానికి లోపు చూపిస్తేనే నేను సీసా మూత తీస్తాను. గదిలో ఏసీని గంటసేపు ముందుగా నడిపించి పెట్టుకుంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో కూడా పని జరుగుతుంది, కాకపోతే వేడిమి పెరిగేకొద్దీ రెజిన్ బిగుసుకునే సమయం తగ్గిపోతుంది కనుక సీసా మీద రాసిన నిమిషాలను నమ్ముకుని తాపీగా కలపకూడదు. చల్లబడిన సీసాను ఏసీ గదిలోంచి బయటి ఉక్కపోతలోకి తెచ్చి మూత తీయడం అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే సీసా గోడల మీద నీరు పట్టి లోపలికి దిగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఐసోసయనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు పడదు; ఒకసారి శరీరం దానికి ఎదురు తిరిగితే ఆ తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఉబ్బసం వచ్చే ప్రమాదం ఉంది. తేమ లోపలికి రాకుండా గది మూయాలి, ఆవిరి బయటికి పోవడానికి గది తెరవాలి; ఈ రెంటికీ పొత్తు కుదరదు. నేను మూసిన గదిలో తూచి, కలిపి, పోసి, సీసాలు బిగించి, వెంటనే ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి బయటికి వచ్చేస్తాను. ఆ కాసేపూ రసాయన ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి మాస్కు, చేతులకు నైట్రైల్ గ్లవ్స్ ఉండాలి. గుడ్డ మాస్కు ఇందుకు ఏమాత్రం పనికిరాదు. ఇంట్లో ఆయాసం ఉన్నవారు ఎవరైనా ఉంటే ఈ రెజిన్ జోలికే వెళ్లవద్దని చెబుతాను.

అటువంటివారికీ, వానాకాలంలో కూడా ఆగలేనివారికీ పోతకు పనికివచ్చే ఎపాక్సీ రెజిన్ ఉంది. అది తేమకు పొంగదు. తేమ ఎక్కువైతే పైన జిడ్డు పొర కడుతుంది, గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగితే పోతుంది. గట్టిపడడానికి దాదాపు ఒక రోజు పడుతుంది కనుక ఒక అచ్చు నుంచి రోజుకు ఒక బొమ్మే వస్తుంది, పైగా చిక్కగా ఉంటుంది కాబట్టి సీసాను వేడి నీటి గిన్నెలో నిలబెట్టి పలచబరచుకోవాలి. దీనితో పని చేసేటప్పుడు కూడా గ్లవ్స్ మానకండి, చర్మానికి పడనివారు చాలామంది ఉన్నారు. ఈ బొమ్మలకు కొద్ది గ్రాముల రెజిన్ చాలు, ఆ కొద్దిలో కొలత తప్పితే బొమ్మ ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది, అందువల్ల గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా కొనండి. మీ అచ్చు బాగుందో లేదో కూడా ఈ రెజిన్‌తోనే పరీక్షించవచ్చు: ముఖం చక్కగా వస్తే అచ్చులో లోపం లేనట్టే. ఫైబర్ విగ్రహాలవారు వాడే పాలియెస్టర్ రెజిన్ మన పట్టణాల్లో సులభంగా దొరుకుతుంది గానీ దాని వాసన ఇంట్లో భరించలేము, గట్టిపడేటప్పుడు కుదించుకుపోతుంది, సన్నని కత్తులు పెళుసుగా విరుగుతాయి. అయినా వాడదలచినవారు దాన్ని గట్టిపరచే క్యాటలిస్టునూ, ఆ పనిని వేగం చేసే కోబాల్టునూ ఎన్నడూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు, పేలుడు జరుగుతుంది.

సిలికాన్ రబ్బరు విషయం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. తగరపు క్యాటలిస్టుతో గట్టిపడే రకానికి కాస్త తేమ అవసరం, వానాకాలంలో అది ఇంకా చురుకుగా పని చేస్తుంది. అందుచేత జూలై నుంచి అక్టోబరు వరకు బొమ్మలు మలచి, అచ్చులు తీసి పెట్టుకుని, చలికాలంలో పోత పోయడం నాకు స్థిరపడిన పద్ధతి. ప్లాటినం రకం ఎక్కువ కాలం మన్నుతుంది, దాదాపు కుదించుకోదు, కానీ గంధకం ఉన్న నూనె మట్టి తగిలినా, పూర్తిగా ఆరని ఎపాక్సీ పుట్టీ తగిలినా అక్కడ గట్టిపడకుండా జిగురుగా మిగిలిపోతుంది. మొదటి అచ్చులకు తగరం రకమే మేలు. రబ్బరును డబ్బా మూలలో ఒకే చోట, ఎత్తు నుంచి సన్నని ధారగా పోస్తే చాలా బుడగలు దారిలోనే పగిలిపోతాయి. ఏసీ మెకానిక్కుల దగ్గర ఉండే వ్యాక్యూమ్ పంపుతో గాలి తీయవచ్చు, అయితే అప్పుడు రబ్బరు నాలుగైదు రెట్లు ఉబ్బుతుంది కాబట్టి పెద్ద గిన్నె కావాలి. రెజిన్ బుడగలను నలిపేయడానికి కంప్రెసరు గాలితో ఒత్తిడి పెట్టే పాత్రను కొందరు వాడతారు. ఆ పనికి వంటింటి ప్రెషర్ కుక్కరును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి, అది ఆ ఒత్తిడికి చేసినది కాదు.

ఇంతవరకు చెప్పినది రసాయనం. నిజానికి బొమ్మ పోతకు లొంగుతుందా లేదా అన్నది మలిచేటప్పుడే తేలిపోతుంది, మీరు అడగకపోయినా ఇది చెప్పకుండా ఉండలేను. కోనసీమలోని కొత్తపేట విగ్రహాల తయారీకి పేరుపడిన ఊరు. అక్కడ ఒక శిల్పశాలలో నిలువెత్తు మట్టి విగ్రహానికి ప్లాస్టరు అచ్చు తీయడం దగ్గరుండి చూశాను. పనివారు ప్లాస్టరు కలపడానికి ముందే చేయి ఎక్కడ విడదీయాలి, ఉత్తరీయపు అంచు ఏ ముక్కలోకి పోవాలి అన్నది నిర్ణయించుకుని గీతలు గీసుకున్నారు. 28 మిల్లీమీటర్ల బొమ్మకు కూడా ఇదే ఆలోచన అవసరం. అచ్చు రెండు సగాలు కలిసే గీత భుజం మీదుగా, బట్ట మడత అంచు వెంట, జుట్టు పాయల మధ్య పోయేలా చూసుకోవాలి. ముఖం మధ్యగా పోతే తరువాత గీకినప్పుడు ముక్కు కూడా పోతుంది. వీపుకూ అంగవస్త్రానికీ మధ్య సందు వదిలితే రబ్బరు అందులో చిక్కుకుని చిరుగుతుంది కాబట్టి ఆ సందును పూడ్చాలి, లేదా వస్త్రాన్ని విడిగా పోయాలి. బిక్కవోలులో తూర్పు చాళుక్యుల నాటి గుళ్ల మీద మకర తోరణాలను ఒకసారి ఈ కంటితో చూడండి. ఎంత చుట్టలు తిరిగిన తోక అయినా వెనక రాతిని అంటిపెట్టుకునే ఉంటుంది. రాక్షసుల కోరలకూ మీసాలకూ నాకు దొరికిన మంచి పాఠం అదే.

పోసే దారి విషయంలో బొమ్మను తలకిందులుగా పెట్టి, పాదాల వైపు నుంచి పోయడం మంచిది. అప్పుడు తల అడుగున ఉంటుంది కాబట్టి ముఖంలో బుడగ నిలవదు. కానీ కిందికి దించిన కత్తి మొన, వేలాడే దట్టీ కొస, అంగీ అంచు ఇప్పుడు పైన ఉంటాయి, గాలి వాటిలో చిక్కుకుంటుంది. ప్రతి కొస నుంచీ పైదాకా సన్నని గాలి దారి కోయాలి.

సామగ్రికి విదేశాల వైపు చూడవలసిన అవసరం పెద్దగా లేదు. లోపలి అస్థిపంజరానికి రాగి తీగ కావాలి. చేపల చెరువుల మోటార్లకు వైండింగ్ చేసే షాపులో 20, 22 గేజి ముక్కలు అడిగితే ఇస్తారు, పైనున్న వార్నిష్ పొరను గీకి వాడుకోవాలి. పంటి వైద్యులు మైనం చెక్కడానికి వాడే పరికరాలు, ఇన్సులిన్ సూది, మొద్దు చేసిన కుట్టు సూది చాలు. ఎమ్‌సీల్ శరీరపు ముద్దకూ కింది రాళ్లకూ బాగుంటుంది, ముఖానికి మాత్రం గరుకు. ముఖాలకు నీలం పసుపు పట్టీగా వచ్చి, కలిపితే ఆకుపచ్చగా మారే పుట్టీని తెప్పించుకోండి. రెండు రంగులు ఆనుకున్న చోట ముందే గట్టిపడి ఉంటుంది కనుక ఆ సన్నని చారను కోసి పారేసి కలపాలి. 28 మిల్లీమీటర్ల బొమ్మలో తల నాలుగు మిల్లీమీటర్లకు మించదు. మొదట 54 మిల్లీమీటర్ల బొమ్మతో చేయి తిప్పుకుంటే తల ఏడు మిల్లీమీటర్లు వస్తుంది, కనురెప్ప ఎక్కడ పెట్టాలో కంటికి ఆనుతుంది.

లోహపు పోత మీద ఆశ ఉన్నవారు మన ఊళ్లలో వలలకు కట్టే సీసపు గుళ్లను కరిగించాలని అనుకుంటారు. ఆ పని చేయకండి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మామూలు సిలికాన్ అచ్చు ఆ వేడికి నిలవదు, సీసపు ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పెద్ద తయారీదారులు కూడా 1990ల్లోనే సీసాన్ని వదిలి తగరం ప్రధానంగా ఉన్న మిశ్రమాలకు మారారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, అయినా వేడిని తట్టుకునే ప్రత్యేక రబ్బరు కావాలి.

రంగుల దగ్గర కూడా తేమే పెత్తనం చేస్తుంది. పోత బొమ్మను ముందు గిన్నెలు తోమే సబ్బుతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడగాలి, లేకపోతే అచ్చు జిడ్డు మీద రంగు నిలవదు. రంగుకు ముందు పూతగా వేసే ప్రైమర్ను వాన రోజున స్ప్రేగా కొడితే తెల్లగా బూజు పట్టినట్టు తేలుతుంది. ఆ కాలంలో కుంచెతో పూసే ప్రైమరే దిక్కు. నల్లని పూత మీద పైనుంచి మాత్రమే బూడిద రంగు తగిలిస్తే వెలుగు ఎక్కడ పడుతుందో బొమ్మే చూపిస్తుంది, రంగుల పని సగం తేలికవుతుంది. ఫెవిక్రిల్ అక్రిలిక్కులు బట్టలకూ కింది నేలకూ సరిపోతాయి, ముఖానికి మాత్రం మెత్తగా నూరిన మినియేచర్ రంగులు నాలుగైదు సీసాలు కొనుక్కోవడమే నయం. అతి సన్నని కుంచె కోసం వెతకకండి, మొన చక్కగా నిలిచే ఒకటో నంబరు కుంచె రంగును ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, కంటిపాపను కూడా దానితోనే పెట్టవచ్చు. మడతల్లోకి పారించే పలచని ముదురు రంగు వానాకాలంలో గంటల తరబడి ఆరదు, అంచుల్లో మరకలు కడుతుంది. ఒక్కో చోట కొంచెమే వేసి, మిగిలినదాన్ని తడి కుంచెతో పీల్చేయాలి. చివర వేసే మెరుపు లేని వార్నిష్‌ను స్ప్రేగా కొట్టాలంటే తేమ మాపకం చూసి మరీ కొట్టండి, ఎందుకంటే ముదురు రంగుల మీద తెల్లని పొర తేలితే మళ్లీ మొదటి నుంచి రంగులు వేయవలసి రావచ్చు. అప్పటిదాకా బొమ్మను చేత్తో పట్టుకోకుండా సీసా మూతకు అతికించి ఉంచుకుంటే చాలు.