ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో లాకప్ పడటం లేదా, పడి జారుతోందా? కన్వర్టర్ దించే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్నలో రెండు లక్షణాలున్నాయి. 1990ల నాటి నాలుగు గేర్ల ఆటోమేటిక్, 65–75 కి.మీ. వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్తుంటే బండి సన్నగా అదురుతోంది. ఒక్కోరోజు 80లో వెళ్తున్నా ఆర్పీఎం దిగాల్సినంత దిగటం లేదు. గేర్‌బాక్స్ దించి టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) మార్చాలని చెప్పారట. మార్చాల్సి రావచ్చు, కాదనను. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఇంకా ఎవరూ మల్టీమీటర్ కూడా బయటికి తీయలేదు. బ్రేక్ స్విచ్, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే కవాటం), పాత ఆయిల్, అరిగిన స్పార్క్ ప్లగ్ వైరు, ఈ నాలుగూ సరిగ్గా ఇవే లక్షణాలు చూపిస్తాయి. వీటిలో దేనికీ గేర్‌బాక్స్ దించక్కర్లేదు.

కన్వర్టర్‌లో ఇంజిన్‌తో తిరిగే ఇంపెల్లర్ ఆయిల్‌ని విసిరితే, గేర్‌బాక్స్ షాఫ్ట్‌కున్న టర్బైన్ ఆ తాకిడికి తిరుగుతుంది. మధ్యలో ఉన్నది ఆయిలే కాబట్టి ఎంతో కొంత జారుడు తప్పదు. లాకప్ క్లచ్ చేసే పని టర్బైన్‌ని కన్వర్టర్ పెంకుకి అదిమిపట్టి ఆ జారుడు తీసేయటం. ఇది జరగాలంటే ముందు బండి కంప్యూటర్ చెప్పాలి, ఆ మాట సొలినాయిడ్ (కరెంటుతో పనిచేసే ఆయిల్ కవాటం) దాకా చేరాలి, సొలినాయిడ్ మళ్లించిన ఆయిల్ పిస్టన్‌ని నొక్కితే లైనింగ్ (క్లచ్ మీది రాపిడి పొర) పట్టాలి. ఎక్కడ తెగిందో ఇదే వరుసలో వెతకండి. చాలామంది చివర్నుంచి మొదలుపెడతారు, ఖర్చు పెరిగేది అక్కడే.

ముందు రోడ్డు మీద తేల్చుకోవాల్సింది ఒకటుంది: లాకప్ అసలు పడుతోందా? ఇంజిన్ బాగా వేడెక్కాక, వెనక బండ్లు లేని తిన్నని రోడ్డు మీద 80లో యాక్సిలరేటర్ కదలకుండా పట్టుకోండి. ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ని వెనక బ్రేక్ దీపం వెలిగేంత వరకే తాకండి, బ్రేక్ పట్టకూడదు. బ్రేక్ తాకితే లాకప్ వదిలేస్తుంది కాబట్టి, అది పడి ఉంటే ఆర్పీఎం 200–400 పైకి లేస్తుంది, కాలు తీసిన కాసేపటికి మళ్లీ దిగుతుంది. ముల్లు కదలకపోతే లాకప్ పడనే లేదనుకోవాలి. లేదా పెడల్ తాకినా బ్రేక్ స్విచ్ లాకప్ సర్క్యూట్‌ని తెంచటం లేదు.

ముల్లు చూసి ఊహించటం కన్నా లెక్క నమ్మకమైనది. ఉదాహరణకి టైరు చుట్టుకొలత 1.95 మీటర్లు, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాల దగ్గరి చివరి గేర్ల నిష్పత్తి) 3.9, నాలుగో గేరు నిష్పత్తి 0.70 అనుకుందాం. గంటకు 80 కి.మీ. అంటే నిమిషానికి 1333 మీటర్లు, చక్రం తిరిగేది 684 సార్లు. దాన్ని 3.9తో, ఆపై 0.70తో గుణిస్తే 1867. లాకప్ గట్టిగా పడితే ఇంజిన్ దాదాపు ఈ ఆర్పీఎంలోనే ఉండాలి. నాలుగో గేరులో లాకప్ లేకుండా చదునైన రోడ్డు మీద 2000–2200 చూపిస్తుంది. 2670 దగ్గర ఉంటే అది లాకప్ సమస్య కాదు, బండి మూడో గేరులోనే ఉండిపోయింది. ఓవర్‌డ్రైవ్ (ఇక్కడ నాలుగో గేరు) పడకపోవటాన్ని లాకప్ పడకపోవటంగా పొరబడటం మామూలే, ఈ లెక్క ఆ గందరగోళం తీర్చేస్తుంది. మీ బండి నిష్పత్తులు మాన్యువల్‌లో దొరుకుతాయి. వేగం మాత్రం ఫోన్‌లోని జీపీఎస్‌తో చూడండి, స్పీడోమీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తాయి.

అదురు సంగతికొస్తే, తొందరపడి తీర్పు ఇచ్చేది ఇక్కడే. లైనింగ్ పట్టి జారి, మళ్లీ పట్టి జారుతుంటే, గరుకు చారలున్న రోడ్డు మీద వెళ్లినట్టు సన్నటి వణుకు ఒకటి రెండు సెకన్లు వస్తుంది. ఇంజిన్ మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవటం) కూడా అచ్చం అలాగే తెలుస్తుంది, అదీ లాకప్ పడ్డ క్షణంలోనే. కారణం తేలికే. లాకప్ పడగానే ఇంజిన్ ఆర్పీఎం పడిపోతుంది, అదే బరువు తక్కువ ఆర్పీఎంలో లాగాలి, పైగా ఆ తడబాటుని మింగేసే ఆయిల్ మెత్తదనం మధ్యలో ఉండదు. బ్రేక్ తాకగానే అదురు ఆగిందంటే లాకప్‌తో ముడిపడి ఉందని మాత్రమే అర్థం. లాకప్ వదలగానే మిస్‌ఫైర్ కూడా ఆయిల్‌లో కలిసిపోయి తెలియకుండా పోతుంది కాబట్టి, ఆ ఒక్క పరీక్షతో కన్వర్టర్‌ని దోషిగా తేల్చకండి. సొలినాయిడ్ కనెక్టర్ విడిగా ఉంటే పీకేసి, నాలుగో గేరులోనే ఎత్తు మీద కాస్త గట్టిగా లాగించండి. తడబాటు ఇంకా ఉంటే ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఇగ్నిషన్ కాయిల్ చూసుకోండి. బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో కన్వర్టర్ స్లిప్ (జారుడు) కనిపించే బండి అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. అదురుతున్నప్పుడు స్లిప్ అంకె ఎగిరెగిరి పడితే లైనింగ్ జారుతోంది, సున్నా దగ్గర నిలకడగా ఉంటే తప్పు ఇంజిన్‌ది. ఇంజిన్ మౌంట్లు చిరిగినా అదురు పెద్దదిగా తెలుస్తుంది, ఓసారి వాటినీ కదిపి చూడండి.

ఇక ఒక్కోరోజు ఆర్పీఎం దిగటం లేదన్నారే, అంటే ఆ రోజు లాకప్ పడటం లేదు, దానికి మొదటి అనుమానం థర్మోస్టాట్. కూలెంట్ ఒక స్థాయి వేడెక్కే దాకా కంప్యూటర్ లాకప్‌కి ఒప్పుకోదు, చాలా బండ్లలో అది 55–65 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. తెరుచుకుని ఉండిపోయిన థర్మోస్టాట్ చలిరోజుల్లో ఇంజిన్‌ని ఆ గీత కిందే ఉంచుతుంది. ఎండరోజు లాకప్ పడి, చలిరోజు పడకపోతే సూత్రం దొరికినట్టే. కూలెంట్ సెన్సర్ తప్పు చెప్పినా ఫలితం ఇదే.

తర్వాత థ్రాటిల్ పొజిషన్ సెన్సర్, అంటే యాక్సిలరేటర్ ఎంత నొక్కామో కంప్యూటర్‌కి చెప్పేది. లోపలి పట్టీ ఎక్కువగా అరిగేది మనం రోజూ కాలు ఆనించే చోటే. అక్కడ వోల్టేజీ గెంతితే కంప్యూటర్ "డ్రైవర్ కాలు కదిపాడు" అనుకుని లాకప్ వదిలేస్తుంది, మళ్లీ పడేస్తుంది. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, సిగ్నల్ వైరు మీద మీటర్ పెట్టి పెడల్‌ని బాగా మెల్లగా నొక్కండి. సుమారు 0.5 వోల్టు నుంచి 4.5 దాకా ఎక్కడా తెగకుండా ఎక్కాలి. ముల్లున్న పాత మీటర్ దీనికి మేలు, డిజిటల్ మీటర్ చిన్న గెంతుని మింగేస్తుంది.

బ్రేక్ స్విచ్ విషయంలో అందరూ చేసే తప్పు, వెనక దీపం వెలుగుతోంది కదా అని వదిలేయటం. చాలా బండ్లలో అదే స్విచ్‌లో రెండు జతల కాంటాక్టులుంటాయి. ఒకటి పెడల్ నొక్కితే కలుస్తుంది, దీపానికి. రెండోది పెడల్ వదిలితే కలిసి ఉంటుంది, లాకప్‌కి. ఈ రెండోది కాలిపోయినా, స్విచ్ రెండు మిల్లీమీటర్లు జరిగి పెడల్ పూర్తిగా పైకి రాకపోయినా దీపాలు బాగానే ఉంటాయి, లాకప్ మాత్రం రాదు. పెడల్‌ని పాదం పైభాగంతో పైకి లేపి పట్టుకున్నప్పుడు లాకప్ పడితే సర్దుబాటు చేస్తే చాలు. ఆ కాంటాక్టుల మధ్య ఓమ్ ఒకటి కూడా ఉండకూడదు.

వైరింగ్ కొలిచే ముందు మీ గేర్‌బాక్స్ సొలినాయిడ్‌ని ఏ వైపు నుంచి నడుపుతారో తెలుసుకోండి, జంపర్ వైరుతో కంప్యూటర్ కాల్చుకునేది ఇక్కడే. జీఎం (జనరల్ మోటర్స్) 700ఆర్4 లాంటి గేర్‌బాక్సుల్లో 12 వోల్టులు బ్రేక్ స్విచ్ ద్వారా ఎప్పుడూ వస్తాయి, కంప్యూటర్ ఎర్త్ కలుపుతుంది. టయోటా ఏ340ఈ లాంటి వాటిలో సొలినాయిడ్ గేర్‌బాక్స్ బాడీకే ఎర్త్ అయి ఉంటుంది, కంప్యూటర్ 12 వోల్టులు పంపుతుంది. మొదటి రకంలో కంప్యూటర్ వైపు వైరు మీద లాకప్ లేనప్పుడు కాయిల్ గుండా వచ్చిన 12 వోల్టులు కనిపిస్తాయి, లాకప్ ఆజ్ఞ ఇవ్వగానే దాదాపు సున్నాకి పడతాయి. రెండో రకంలో దీనికి తిరగేసి. పొడుగు వైర్లతో మీటర్‌ని లోపలికి తెచ్చుకుని, పక్కన ఒకరిని కూర్చోబెట్టి రోడ్డు మీదే చూడాలి. ఆజ్ఞ రావటం లేదంటే గేర్‌బాక్స్‌కి సంబంధమే లేదు, వెనక్కి వెళ్లి సెన్సర్లు చూడండి.

ఆజ్ఞ వస్తున్నా లాకప్ పడకపోతే సొలినాయిడ్ నిరోధం కొలవండి. పైన చెప్పిన టయోటాలో 11–15 ఓమ్‌లు ఉండాలి, వేరే బండ్లలో అంకె వేరు, మాన్యువల్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిపి వచ్చి వేడి మీద ఇంకోసారి. కాయిల్ తీగ వేడికి సాగి తెగే రకం లోపం చల్లగా ఉంటే ఎప్పటికీ దొరకదు. మామూలు ఆన్-ఆఫ్ సొలినాయిడ్‌కి క్షణం పాటు 12 వోల్టులిస్తే టక్కుమనాలి. ఆ శబ్దం వచ్చిందంటే కాయిల్ బతికుందనే గానీ, లోపల సందు పూడుకుపోలేదని కాదు. పల్స్‌తో నడిచే రకానికి బ్యాటరీ నేరుగా పట్టి ఉంచకండి.

స్కానర్‌లో లోపం కోడ్ పీ0740, పీ0743 వస్తే వైర్లు, సొలినాయిడ్ వైపు చూడమని. పీ0741 వస్తే మాత్రం చాలామంది వెంటనే కన్వర్టర్ అంటారు. ఆ కోడ్‌కి అర్థం "నేను లాకప్ చెప్పాను, జారుడు తగ్గలేదు" అని, అంతే. ఏ భాగం పాడైందో అది చెప్పదు. అరిగిన వాల్వ్ బోర్ (వాల్వ్ కదిలే రంధ్రం) గుండా ఒత్తిడి కారిపోతున్నా అదే కోడ్ వస్తుంది. జీఎం 4ఎల్60ఈలో పీ1870 కోడ్‌కి బాగా తెలిసిన కారణం ఇలాంటిదే, వాల్వ్ బాడీలో (ఆయిల్‌ని మళ్లించే వాల్వులన్నీ ఉండే దిమ్మె) కన్వర్టర్ క్లచ్ వాల్వ్ కదిలే బోర్ అరగటం. అలాంటప్పుడు కొత్త కన్వర్టర్ వేసినా పాత ఒత్తిడే అందుతుంది, లైనింగ్ మళ్లీ కాలుతుంది. 700ఆర్4 కుటుంబంలో ఇన్‌పుట్ షాఫ్ట్ కొసన చిన్న ఓ-రింగ్ ఒకటుంటుంది, అది గట్టిపడి తెగినా లాకప్ జారుతుంది.

మీ బండి అదురుకి నేనైతే ముందు ఆయిల్‌నే పట్టుకుంటాను. ఏటీఎఫ్‌లో (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) రాపిడిని మెత్తగా పట్టించే మందు ఉంటుంది, ఏళ్లు గడిచాక అది అయిపోతుంది, లైనింగ్ పట్టటం వదిలి గీరుకోవటం మొదలుపెడుతుంది. టైప్ ఎఫ్ లాంటి, ఆ మందు లేని ఆయిల్ ఎవరైనా పోసి ఉంటే కొత్త ఆయిల్‌తోనూ అదురుతుంది. డిప్‌స్టిక్ మీదా మాన్యువల్లోనూ రాసిన రకమే పొయ్యాలి. మట్టం చూసే పద్ధతీ బండిని బట్టి మారుతుంది. ఎక్కువ వాటిలో వేడి మీద ఇంజిన్ నడుస్తూ పార్క్‌లో చూడాలి, కొన్నింటిలో న్యూట్రల్‌లో. హోండాల్లో ఇంజిన్ ఆపిన వెంటనే చూడాలి.

పాన్ (గేర్‌బాక్స్ అడుగునుండే ఆయిల్ తొట్టి) ప్లగ్ విప్పితే ఆయిలంతా దిగదు. మొత్తం 8.5 లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో 3.5 లీటర్లే వస్తుంది, మిగతాది చాలావరకు కన్వర్టర్‌లో ఉండిపోతుంది. మధ్య మధ్య నడిపి మూడుసార్లు మారిస్తే సుమారు 80 శాతం కొత్తదవుతుంది. ఒక్కసారి మార్చి "ఆయిల్ మార్చినా తగ్గలేదు" అనటం సరికాదు. ఎంత దిగిందో కొలిచి అంతే పొయ్యండి. అదురు ఆపుతుందని సీసాల్లో అమ్మే రాపిడి మందు పరీక్షగా పనికొస్తుంది: పోశాక అదురు మాయమైతే ఆయిల్ అయిపోయిందని తేలింది, ఇక ఆయిలంతా మార్చండి. అది పోసి అలాగే తిరిగితే కొన్నాళ్లకు అదురు తిరిగొస్తుంది.

పాన్ దించినప్పుడు అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు కనిపిస్తే కంగారొద్దు, అది మామూలు అరుగుదల. ఆయిల్ నల్లగా మాడువాసన వస్తూ, అడుగున నల్లటి పొలుసులుంటే ఏదో ఒక లైనింగ్ రాలుతోంది. చేతికి గుచ్చుకునే లోహపు ముక్కలుంటే పరీక్షలు ఆపేయవచ్చు, గేర్‌బాక్స్ దిగాల్సిందే.

దీనికి తిరగేసిన లోపం మీకు లేదు గానీ ఒక మాట. బండి ఆగబోతుంటే ఇంజిన్ ఆగిపోవటం, మాన్యువల్ గేరు బండిని క్లచ్ నొక్కకుండా ఆపినట్టు, లాకప్ వదలటం లేదనటానికి గుర్తు. సొలినాయిడ్ కనెక్టర్ పీకినప్పుడు సరైతే లోపం కరెంటుది, పీకినా ఆగిపోతుంటే వాల్వ్ ఇరుక్కుంది లేదా సొలినాయిడే లాకప్ పడే స్థితిలో బిగుసుకుపోయింది.

ఇవన్నీ దాటాక కన్వర్టర్ మార్చక తప్పలేదంటే, కూలర్ పైపులు, కూలర్ లోపల కడిగించకుండా ఒప్పుకోకండి. పాత లైనింగ్ పొడి అక్కడే దాక్కుని కొత్తదానిలోకి వస్తుంది. కొత్త కన్వర్టర్‌లో ఒక లీటరు ఆయిల్ పోసి, తిప్పుతూ షాఫ్ట్‌ల మీద ఒక్కో మెట్టూ పూర్తిగా కూర్చునేదాకా నెట్టాలి. గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి బిగించాక, ఫ్లెక్స్‌ప్లేట్ (కన్వర్టర్‌ని ఇంజిన్‌కి కలిపే పలక) బోల్టులు పెట్టే ముందు, కన్వర్టర్ చేత్తో స్వేచ్ఛగా తిరగాలి, ప్లేట్‌కీ దానికీ మధ్య 3–5 మి.మీ. సందు ఉండాలి. సందు లేకపోయినా, కేసుని బోల్టులతో లాగి దగ్గరకు తేవాల్సి వచ్చినా కన్వర్టర్ పంపులో కూర్చోలేదు. అక్కడితో ఆపి వెనక్కి తీయించండి, అలాగే బిగిస్తే మొదటి స్టార్ట్‌కే పంపు పగులుతుంది.