సోమవారం భోజనాల బల్ల దగ్గర: బఫెలోకు కొత్తగా వచ్చినవారికి

సందేహం: న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. సోమవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆఫీసువాళ్ళు ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బిల్స్ రిసీవర్ల గురించీ, కొత్త స్టేడియం గురించీ గంటసేపు వాదించుకుంటారు. నాకు ఆ ఆటే తెలియదు కనుక టిఫిన్ డబ్బా మూసుకుని లేచి వస్తున్నాను. ఇక్కడ స్థిరపడాలంటే ఈ ఆట నేర్చుకోవడం అవసరమా? నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అవసరమేనని నేను గట్టిగా చెబుతాను. యూనివర్సిటీ ఎట్ బఫెలోలో చదువు ముగించుకుని ఇక్కడే ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు చాలామంది నన్ను ఇదే అడుగుతారు. వాళ్ళకు చెప్పినట్టే మీకూ చెబుతున్నాను: నియమాల పుస్తకం ముందేసుకుని కూర్చోకండి, మీరు లేచి వస్తున్న ఆ వాదనతోనే మొదలుపెట్టండి. ఈ ఊరివాళ్ళు ఇన్నేళ్ళుగా దేనికోసం ఎదురుచూస్తున్నారో రిసీవర్ల గొడవలో తెలుస్తుంది, దేనికి భయపడ్డారో స్టేడియం గొడవలో తెలుస్తుంది.

ముందు రిసీవర్ సంగతి. జట్టును నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్, బిల్స్‌కు 2018 నుంచి జాష్ ఆలెన్. అతను విసిరిన బంతిని పరుగెత్తి వెళ్ళి అందుకునేవాడు రిసీవర్. మైదానం అంచున దూరంగా నిలబడి, తనను కాపు కాసే ఆటగాణ్ణి ఒంటిచేత్తో ఓడించి బంతి పట్టుకోవలసినవాణ్ణి అవుట్‌సైడ్ రిసీవర్ అంటారు. కాస్త లోపలివైపు నిలబడి, తక్కువ దూరంలో బంతి అందుకుని సందుల్లోంచి దూసుకుపోయేవాణ్ణి స్లాట్ రిసీవర్ అంటారు. ఈ రెండు మాటలకూ తేడా తెలిస్తే మీ బల్ల దగ్గరి వాదన సగం అర్థమవుతుంది. మిగతా సగం మీకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. ఒక్క గొప్ప బ్యాట్స్‌మన్ మీద జట్టు మొత్తం ఆధారపడటం మంచిదా, తలా ముప్పై పరుగులు కొట్టే పదకొండుమంది ఉండటం మంచిదా అని మనం అరుగుల మీద కూర్చుని తెగ వాదించుకున్నదే ఇక్కడ వేరే దుస్తుల్లో కనిపిస్తుంది.

ఆ గొప్ప ఆటగాడి పేరు స్టెఫాన్ డిగ్స్. 2020 మార్చిలో మిన్నెసోటా వైకింగ్స్ నుంచి అతన్ని తెచ్చుకున్నారు. వచ్చిన ఏడాదే 127 క్యాచ్‌లు పట్టి, వాటితో జట్టును 1,535 గజాలు ముందుకు నడిపి, రెండు లెక్కల్లోనూ లీగ్‌లో మొదటివాడిగా నిలిచాడు. ఇక్కడ ఆడిన నాలుగు సీజన్లలోనూ వెయ్యి గజాలు దాటాడు. 2024 ఏప్రిల్‌లో అతన్ని హ్యూస్టన్ టెక్సన్స్‌కు ఇచ్చేశారు. నెల తిరగకుండానే ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ వచ్చింది. అందులో జరిగిన ఒక లావాదేవీని మీ సహోద్యోగులు ఈనాటికీ తలుచుకుంటారు కాబట్టి దాన్ని వివరంగా తెలుసుకోండి. బిల్స్ వంతు 28వ స్థానంలో ఉండగా, దాన్ని వదులుకుని నాలుగు స్థానాలు వెనక్కి జరిగారు. ఆ 28వ స్థానాన్ని తీసుకున్నది కాన్సాస్ సిటీ చీఫ్స్. 2021, 2022, 2024 జనవరుల్లో సీజన్ చివర జరిగే ప్లేఆఫ్ అనే నాకౌట్ పోటీల నుంచి బిల్స్‌ను ఇంటికి పంపింది ఆ జట్టే. ఆ ఏడాది డ్రాఫ్ట్‌కు ముందు జరిగిన పరీక్షల్లో నలభై గజాల దూరాన్ని 4.21 సెకన్లలో పరుగెత్తి రికార్డు సృష్టించిన జేవియర్ వర్తీ అనే రిసీవర్‌ను వాళ్ళు ఆ స్థానంలో ఎంచుకున్నారు. బిల్స్ మరో మెట్టు కూడా దిగి, 33వ స్థానంలో పొడగరి అయిన కియాన్ కోల్‌మన్‌ను తీసుకున్నారు. శత్రువు చేతికి మనమే కత్తి అందించామని ఒక వర్గం ఆ రాత్రే వాపోయింది. 2025 జనవరిలో కాన్సాస్ సిటీ చేతిలో 32–29 తేడాతో బిల్స్ మళ్ళీ ఓడినప్పుడు, ఆ మ్యాచ్‌లో వర్తీ బంతిని గీత దాటించి పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ చేయడం చూసి ఆ వర్గం కడుపు మరింత మండింది.

రెండో వర్గం మాట కూడా శ్రద్ధగా వినాలి. డిగ్స్ లేని 2024 సీజన్‌లో ఒక్క రిసీవర్ కూడా వెయ్యి గజాలు దాటలేదు. అందరికన్నా ముందున్న ఖలీల్ షకీర్ లెక్క 821 దగ్గర ఆగింది, అతను స్లాట్‌లో ఆడేవాడు. అయినా జట్టు 17 మ్యాచ్‌లలో 13 గెలిచింది, 525 పాయింట్లు చేసింది, ఆలెన్‌కు లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం వచ్చింది. ఆ ఏడాది జట్టు నినాదం ‘ఎవ్రీబడీ ఈట్స్’. మన పెళ్ళి పంక్తిలో ఏ విస్తరీ ఖాళీగా ఉండకుండా వడ్డించినట్టు బంతిని అందరికీ పంచడమే అందులోని భావం. ఎవరి దగ్గరికి వస్తుందో ముందుగా తెలియని బంతిని ఎదుటి జట్టు ఎలా కాచుకుంటుందని వీళ్ళు అడుగుతారు, ఆ ప్రశ్నలో బలముంది.

నా మొగ్గు మాత్రం మొదటి వర్గం వైపే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఖాళీలు దొరుకుతాయి కాబట్టి పంక్తి వడ్డన సాగుతుంది. జనవరిలో మిగిలేవి గట్టి జట్లు, అవి లోపలి సందులన్నీ మూసేస్తాయి. అప్పుడు అంచున ఒంటరిగా నిలబడి, అందరికీ తెలిసి వస్తున్న బంతిని కూడా పట్టగలిగిన మనిషి ఒకడైనా కావాలి. 2024 అక్టోబరులో, సీజన్ మధ్యలో, క్లీవ్‌ల్యాండ్ నుంచి అమారీ కూపర్‌ను తెచ్చుకున్నారంటే జట్టు పెద్దలకూ ఆ వెలితి కనిపించిందనే నేను అర్థం చేసుకున్నాను. మీరు నా పక్షం వహించనక్కరలేదు. వచ్చే సోమవారం లేచి రాకుండా ఒక్క ప్రశ్న అడగండి చాలు: “కోల్‌మన్‌ను తీసుకున్న రాత్రి మీరు ఏమనుకున్నారు?” బల్ల చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరూ ఆ రాత్రి తాము ఎక్కడ కూర్చుని చూశారో మొదలుకుని మీకు చెబుతారు.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. వాళ్ళంతట వాళ్ళు ఎత్తితే తప్ప సూపర్ బౌల్ ఓటముల ప్రస్తావన మీరు తేవద్దు. 1991 జనవరి నుంచి 1994 జనవరి వరకు వరుసగా నాలుగేళ్ళు ఫైనల్ దాకా వెళ్ళి నాలుగుసార్లూ ఓడిన జట్టు ఇది. మొదటిసారి న్యూయార్క్ జెయింట్స్ చేతిలో ఓడింది ఒకే ఒక్క పాయింటుతో, 20–19 తేడాతో. చివరి క్షణాల్లో స్కాట్ నార్‌వుడ్ 47 గజాల దూరం నుంచి తన్నిన బంతి గోల్ స్తంభాలకు కుడివైపుగా బయటికి పోయింది. ఆ తర్వాత జట్టు ఊరికి తిరిగివస్తే, నయాగరా స్క్వేర్‌లో చేరిన వేలమంది ఆ నార్‌వుడ్‌నే ముందుకు రమ్మని కేకలు వేసి పిలిచి, చప్పట్లతో స్వాగతం పలికారు. ఆనాడు చిన్నపిల్లలుగా తండ్రి భుజాలమీద కూర్చుని అది చూసినవాళ్ళు ఇప్పుడు మన ఆఫీసుల్లో మేనేజర్లు. ఈ విషయంలో చతురు మాట ఒక్కటి జారినా వాళ్ళు మరిచిపోరు.

ఇక స్టేడియం. బఫెలో శివారు ఆర్చర్డ్ పార్క్‌లో పాత స్టేడియం 1973లో మొదలై 2025 సీజన్ వరకు నడిచింది. అబట్ రోడ్డుకు అవతలివైపు, 2026 సీజన్ కోసం కొత్తది కట్టారు. 2023 జూన్‌లో భూమిపూజ జరిగింది. 2022 మార్చిలో ఒప్పందం కుదిరినప్పుడు అంచనా 140 కోట్ల డాలర్లు. అందులో న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం వాటా 60 కోట్లు, మన ఎరీ కౌంటీ వాటా 25 కోట్లు. అంచనా దాటితే ఆ భారం జట్టు యాజమాన్యానిదేనని ఒప్పందంలో రాసుకున్నారు. ఖర్చు తరువాత 200 కోట్లు దాటింది.

కోటీశ్వరుడైన యజమానికి ప్రజల సొమ్ము 85 కోట్ల డాలర్లు ఎందుకివ్వాలన్నది ఒక వాదన. అన్యాయమని మీకు తోచవచ్చు, నాకూ తోచింది. అయితే ఈ ఊరి చరిత్ర తెలియకుండా ఆ మాట పైకి అనకండి. 1950లో బఫెలో జనాభా 5,80,132. 2020లో 2,78,349. ఆర్చర్డ్ పార్క్‌కు దాపునే ఉన్న లాకవానాలో బెత్లెహెమ్ స్టీల్ కర్మాగారం ఉండేది, అక్కడ ఉక్కు తయారీ 1983లో ఆగిపోయింది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని నినదించిన జాతికి చెందిన మనకు, ఒక ఉక్కు కర్మాగారం మూతపడితే ఊరిలో ఏమేం మూతపడతాయో వేరే చెప్పనక్కరలేదు. కర్మాగారాలు పోయాయి, పిల్లలు వేరే ఊళ్ళకు పోయారు, ఈ జట్టొక్కటి మిగిలింది. అదీ పోతుందేమోనన్న భయం ఉత్త ఊహ కాదు. 2008 నుంచి 2013 వరకు ఏటా ఒక సీజన్ మ్యాచ్‌ను తీసుకువెళ్ళి టొరంటోలో ఆడించారు. 2014లో వ్యవస్థాపకుడు రాల్ఫ్ విల్సన్ మరణించి జట్టు అమ్మకానికి వచ్చినప్పుడు, పెగ్యులా దంపతులు కొని ఇక్కడే ఉంచుతామని చెప్పేదాకా ఊరు ఊపిరి బిగబట్టుకుని ఉంది. ఆ తర్వాత సెయింట్ లూయిస్ జట్టు 2016లో, శాన్ డియేగో జట్టు 2017లో లాస్ ఏంజెలిస్‌కూ, ఓక్లండ్ జట్టు 2020లో లాస్ వేగస్‌కూ తరలిపోవడం వీళ్ళు కళ్ళారా చూశారు. కొత్త స్టేడియంతో పాటు ముప్పై ఏళ్ళ లీజు కుదిరింది. ఆ ముప్పై ఏళ్ళకే 85 కోట్లు చెల్లించామని చాలామంది భావన.

పైకప్పు మీద మరో వాదన నడుస్తుంది. మంచు ఇంత కురిసే ఊరిలో పూర్తిగా మూసిన స్టేడియం కట్టి ఉంటే కచేరీలు, సభలు కూడా జరిగేవని కొందరంటారు. చలీ గాలీ మన జట్టు బలమని, అవి లేకపోతే అది బఫెలో ఆటే కాదని మరికొందరంటారు. కట్టినది మధ్యేమార్గం. మైదానం పైన ఆకాశమే ఉంటుంది, ప్రేక్షకుల సీట్లలో ఎక్కువ భాగానికి పైన చూరు ఉంటుంది, సహజమైన పచ్చిక కింద వేడిచేసే ఏర్పాటు ఉంటుంది, ఎరీ సరస్సు మీదుగా వచ్చే గాలి వేగాన్ని తగ్గించడానికి వెలుపలి గోడకు రంధ్రాలున్న లోహపు పలకలు బిగించారు. ఈ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. నాకు నిజంగా బాధ కలిగించేది సీట్ల సంగతి. పాతదానిలో 71 వేలకు పైగా పట్టేవారు, కొత్తదానిలో సుమారు 62 వేలే. పైగా సీజన్ టికెట్ కొనాలంటే ముందుగా సీటు హక్కు కోసం ఒకసారి, సీటును బట్టి వందల నుంచి వేల డాలర్ల దాకా విడిగా కట్టాలి. ముప్పై నలభై ఏళ్ళు ఒకే సీటులో కూర్చున్న కుటుంబాలు ఆ సొమ్ము కట్టలేక వదులుకోవలసి వచ్చింది. మీ బల్ల దగ్గర ఎవరైనా స్టేడియం మాట రాగానే మౌనం వహిస్తే కారణం అదే అయి ఉండవచ్చు, గుచ్చి అడగకండి.

వీసా మీద వచ్చిన నాకు ఇందులో మాట్లాడే హక్కేముందని సందేహించకండి. ఎరీ కౌంటీలో మీరు కొనే చాలా వస్తువుల మీద 8.75 శాతం అమ్మకం పన్ను కడుతున్నారు. అందులో 4.75 కౌంటీకి, 4 రాష్ట్రానికి పోతుంది. ఓటు లేకపోయినా ఆ గోడలో మీ ఇటుక కూడా ఉంది.

కుదిరినప్పుడు ఒక మ్యాచ్‌కు స్వయంగా వెళ్ళండి. నా మొదటి మ్యాచ్ ఒక డిసెంబరు ఆదివారం. ఒంటిమీద మూడు కోట్లు వేసుకున్నాను కానీ కాళ్ళకు ఆఫీసు బూట్లే. రెండో క్వార్టర్ వచ్చేసరికి అరికాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన నేను కాళ్ళు మార్చి మార్చి నిలబడటం చూసి, తన కాళ్ళ కింద పరుచుకున్న అట్టపెట్టెను మోకాలి మీద పెట్టి రెండుగా చించి, తడవని సగం నాకిచ్చాడు. కాంక్రీటుకూ బూటుకూ మధ్య అట్ట ఉంటే చలి పైకి పాకదని చెప్పి, మళ్ళీ ఆటలో మునిగిపోయాడు. జట్టు వరుసగా పదిహేడు సీజన్లు ప్లేఆఫ్ ముఖం చూడని కాలం అది. అయినా ఆ చలిలో ఆయన కదలలేదు. 2017 చివరి రోజున సిన్సినాటి ఆటగాడు ఆండీ డాల్టన్ వేసిన ఒక బంతి బాల్టిమోర్‌ను ఓడించి, బిల్స్‌కు ప్లేఆఫ్‌లో చోటు దక్కించి, ఆ పదిహేడేళ్ళ కరవు తీర్చినప్పుడు, ఈ ఊరివాళ్ళు అతని సేవాసంస్థకు పదిహేడేసి డాలర్ల చొప్పున విరాళాలు పంపారు.

మ్యాచ్‌కు మూడు నాలుగు గంటల ముందే వెళితే పార్కింగ్ స్థలాల్లో పొయ్యిలు వెలిగించి వంటలు చేసుకుంటూ ఉంటారు. దాన్నే టెయిల్‌గేటింగ్ అంటారు. ఎవరైనా పిలిస్తే చేతులూపుకుంటూ వెళ్ళకుండా మన కోడి వేపుడో, మిరపకాయ బజ్జీలో డబ్బాలో పట్టుకెళ్ళండి, క్షణాల్లో అయిపోతాయి. అక్కడ పెట్టే బీఫ్ ఆన్ వెక్ అనే శాండ్‌విచ్ గొడ్డు మాంసంతో చేసినది కాబట్టి, తిననివాళ్ళు ముందే అడిగి తెలుసుకోవాలి. బయట బఫెలో వింగ్స్ అని పిలిచే కోడి రెక్కల వేపుడును ఇక్కడ ఉత్త వింగ్స్ అనే అంటారు, బ్లూ చీజ్‌లో ముంచుకు తింటారు. అరచేతిలో పట్టే చిన్న పర్సు కాక లోపలికి పారదర్శకమైన సంచి మాత్రమే అనుమతిస్తారు, 12 అంగుళాల వెడల్పు, 12 ఎత్తు, 6 మందం మించకూడదు. కాబట్టి ఆఫీసు బ్యాగు కారులోనే వదిలిపెట్టండి. ఎదురుపడ్డవాళ్ళు “గో బిల్స్” అంటే అది పలకరింపు, మీరూ అదే మాట తిరిగి అనాలి. కొత్త స్టేడియంలో చూరు ఉన్నా కాళ్ళ కింద ఉన్నది కాంక్రీటే కనుక, ఇంట్లో ఉన్న అట్టపెట్టె ఒకటి మడిచి కారులో వేసుకోండి, పక్క సీటువారికి కూడా సరిపోయేంత పెద్దది.