డ్రాయింగ్ టీచరైతే కుంచె ఆగిపోతుందా?

ప్రశ్న: బీఎఫ్‌ఏ పెయింటింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. చదువు కాగానే ఏదైనా పాఠశాలలో డ్రాయింగ్ టీచరుగా చేరమని నాన్న అంటున్నారు. పాఠాలలో పడితే ఇక బొమ్మలు వేయలేనేమోనని భయం. ఏం చేయమంటారు?
- ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ భయం ఉత్తదేమీ కాదు. అయినా బ్రిటిష్ చిత్రకారిణి లూయీజ్ జాప్లింగ్ కథ విన్నాక నిర్ణయించుకోండి. 1843లో మాంచెస్టర్‌లో పుట్టిన ఈమె పెళ్లయ్యాక, పారిస్‌లో ఉన్నప్పుడు చిత్రకళ నేర్చుకున్నారు. భర్త రోత్‌షీల్డ్ అనే సంపన్న బ్యాంకర్ల కుటుంబం దగ్గర కార్యదర్శి. ఈమె గీతలు చూసి, నేర్చుకోమని పురమాయించింది ఆ ఇంటి ఇల్లాలే. తర్వాత లండన్‌లో కుంచే ఆమెకు జీవనాధారమైంది. లండన్‌లోని పేరున్న కళాసంస్థ రాయల్ అకాడమీలో చిత్రాలు ప్రదర్శించారు. మిల్లే, విస్లర్ వంటి ఆనాటి ప్రసిద్ధ చిత్రకారులు ఆమె రూపచిత్రాలు వేశారు.

ఇంత పేరున్నా, 1883లో 150 గినీల (గినీ అంటే పాత బ్రిటిష్ నాణెం) పోర్ట్రెయిట్ పని ఒకటి ఆమె చేజారి మిల్లేకు వెళ్లింది. అదే పనికి ఆయనకు ముట్టినది 1000 గినీలు! ఆయన ఆమెకు స్నేహితుడే కావడం మరీ చేదు.

1887లో ఆమె లండన్‌లో స్త్రీల కోసం చిత్రకళా పాఠశాల తెరిచారు. ఆ రోజుల్లో నగ్నంగా ఉన్న మోడల్‌ను ఎదుట నిలబెట్టి గీసే లైఫ్ క్లాసు చాలాచోట్ల ఆడపిల్లలకు అందేది కాదు. రాయల్ అకాడమీ పాఠశాల కూడా 1893 దాకా వారిని అందులోకి రానివ్వలేదు, ఆ తర్వాతైనా మోడల్‌కు కొంత వస్త్రం ఉండాల్సిందే. జాప్లింగ్ మాత్రం తన విద్యార్థినులు మోడల్‌ను చూసి గీయాలని పట్టుబట్టారు. ఆ లోటునే పాఠంగా మలిచారన్నమాట. బడి పెట్టిన పద్నాలుగేళ్లకు, 1901లో, రాయల్ సొసైటీ ఆఫ్ బ్రిటిష్ ఆర్టిస్ట్స్‌ సభ్యురాలయ్యారు. పాఠాలు ఆమె కుంచెను ఆపలేదు.

అయితే ఆ బడి ఆమెది, వేళలూ ఆమెవే. మీరు చేరబోయేది ఇంకొకరి బడి. మన పాఠశాలల్లో డ్రాయింగ్ టీచరంటే వార్షికోత్సవం స్టేజీ, గోడ చార్టులు, స్వాగత తోరణాలు అన్నీ నెత్తిన పడతాయి. కాబట్టి ఇంటర్వ్యూలో జీతంతోపాటు వారానికి ఎన్ని పీరియడ్లో, సెలవు రోజుల్లో రమ్మంటారో లేదో మొహమాటం లేకుండా అడగండి.

ఇంట్లో వీలుంటే నేనైతే ముందు ఎంఎఫ్‌ఏ (చిత్రకళలో పీజీ) చేయమంటాను. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, బరోడా ఎంఎస్ విశ్వవిద్యాలయం, శాంతినికేతన్ కళాభవన్‌లలో ఆ కోర్సు ఉంది. ఆ తర్వాత కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌ను విజువల్ ఆర్ట్స్‌లో రాసి నెగ్గితే కాలేజీ అధ్యాపక ఉద్యోగాలకు దారి ఏర్పడుతుంది. అక్కడ సొంత చిత్రాలకు కాస్త ఎక్కువ సమయం చిక్కుతుంది.

వీలు లేకపోతే ఉద్యోగంలో చేరండి. కానీ తొలి జీతంలోంచే రంగులకు, కాన్వాసుకు కొంత పక్కన పెడతానని నాన్నగారితో ముందే చెప్పండి. ఆదివారం ఉదయం చుట్టాలిళ్లకు రానని కూడా.