మౌల్డింగ్, ప్లేటింగ్ రెండూ నెత్తికెత్తుకున్న మేనకోడలికి

అమ్మాయ్,

కార్ల గ్రిల్లులు, డోర్ హ్యాండిళ్లు చేసే యూనిట్లో ప్లాస్టిక్ కరిగించి అచ్చు పోసే మౌల్డింగ్, దాని మీద మెరిసే లోహపు పూత వేసే క్రోమ్ ప్లేటింగ్ రెండూ నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది.

పూతకు పనికొచ్చే ప్లేటింగ్ గ్రేడ్ ఏబీఎస్ ప్లాస్టిక్కే వాడాలి, ఆ ప్లాస్టిక్ గింజలను 80 డిగ్రీల దగ్గర 2 నుంచి 4 గంటలు ఆరబెట్టాలి, పార్టును గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. ఇవి నీకు తెలిసినవే.

నేను చేసిన చోట ఒకసారి హ్యాండిళ్ల మీద క్రోమ్ పెచ్చులుగా లేచింది, అదీ గేట్ దగ్గరే, అంటే అచ్చులోకి ప్లాస్టిక్ దూరే చోటే. అందరూ ప్లేటింగ్ వాళ్ల మీద పడ్డారు. పాపం, వాళ్లు పూతకు ముందు పార్టును యాసిడ్‌లో ముంచే ఎచింగ్ టైమ్ పెంచారు, ద్రావణం మార్చారు. ఇంకా ఎక్కువ ఊడింది. ఆర్డర్ తొందరలో మౌల్డింగ్ మేనేజర్ ప్లాస్టిక్‌ను అచ్చులోకి తోసే ఇంజెక్షన్ స్పీడు పెంచి, మౌల్డ్ వేడి తగ్గించి, ఒక్కో పార్టుకు పట్టే సైకిల్ టైమ్ కోసేశాడని చాలా ఆలస్యంగా బయటపడింది. పార్టు నున్నగానే ఉంది, కొలతలూ పాసయ్యాయి. ఏబీఎస్‌లోని రబ్బరు కణాలు గుండ్రంగా ఉంటేనే ఎచింగ్ వాటిని తినేసి సన్నటి గుంటలు చేస్తుంది, పూత పట్టుకునేది ఆ గుంటల్లోనే. చల్లటి మౌల్డ్‌లోకి విసురుగా తోస్తే కణాలు సాగిపోతాయి, గుంటలు సరిగా పడవు. ఆ తర్వాత ఎంతసేపు ఎచ్ చేసినా పైపొర బలహీనపడటమే తప్ప పట్టు రాదు.

అందుకని నెమ్మదిగా నింపు. మౌల్డ్ 60 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంచు. అచ్చు నిండాక ఇచ్చే హోల్డింగ్ ప్రెజర్‌తో గేట్ దగ్గర కుక్కకు. సెట్టింగ్ మార్చినప్పుడల్లా ఒక పార్టును గ్లేషియల్ అసిటిక్ యాసిడ్‌లో 30 సెకన్లు ముంచి, కడిగి, ఆరబెట్టి చూడు. లోపల ఒత్తిడి ఉన్నచోట తెల్లటి పగుళ్లు కనిపిస్తాయి. సైకిల్లో సెకన్లు మిగిల్చానని ఎవరైనా వస్తే, ప్లేటింగ్ రిజెక్షన్ కూడా కలిపి లెక్క చెప్పమను. పార్టు అచ్చుకు అంటుకోకుండా కొట్టే సిలికాన్ స్ప్రే డబ్బా ఆ షాపులో కనిపించడానికే వీల్లేదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది ఎచింగ్ ట్యాంకు. క్రోమిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్లు కలిపి 65, 70 డిగ్రీల్లో ఆవిర్లు కక్కుతుంటుంది. అందులోది హెక్సావాలెంట్ క్రోమ్, క్యాన్సర్ తెచ్చేది. నాతో పనిచేసిన ఒకతనికి ముక్కు లోపలి గోడకే చిల్లు పడింది. ఎగ్జాస్ట్ ఆగిందా, లైన్ ఆపెయ్. "ఐదు నిమిషాలే కదా మేడమ్" అన్న మాట విన్నావని తెలిస్తే అక్కడికొచ్చి మరీ తిడతాను. చిన్నప్పుడు బ్రేకుల్లేని సైకిల్ తొక్కినదానివి, నీ ధైర్యం మీద నాకు అనుమానం లేదు, నా భయమంతా ఆ ధైర్యం గురించే. పై పూతకైతే అంత ప్రమాదం లేని ట్రైవాలెంట్ క్రోమ్ ఉంది, రంగు కాస్త తేడా. కస్టమర్‌ను అడిగి చూడు.

మీ లైన్ వాళ్లందరికీ, నీకూ ముక్కు, ఊపిరితిత్తుల పరీక్షలు వాయిదా వెయ్యకు. మొదటి ట్రయల్ సెట్టింగులు నాకు పంపు, స్పీడు సంగతి నేను చూస్తాను.

మామయ్య