నాన్నగారి ఎల్పీలు: డబ్బు ప్లేయర్‌కు పెట్టాలా, ముల్లుకు పెట్టాలా?

ప్రశ్న: గుంటూరులో ఉద్యోగం చేస్తున్నాను. చేతికొచ్చే జీతం 58,000. నాన్నగారు దాచిన 120 ఎల్పీలు, ఓ పాతిక 78 ఆర్‌పీఎం ప్లేట్లు ఇంట్లో ఉన్నాయి. వాటిని వినడానికి 45,000 కూడబెట్టాను. అత్యవసర నిధి వేరే ఉంది. షాపుల్లో సూట్‌కేస్ ప్లేయర్ 7,500, ఆడియో-టెక్నికా ఎల్పీ60ఎక్స్ 16,000, అదే కంపెనీ ఎల్పీ120ఎక్స్ 38,000 చెప్పారు. ముందు 16,000ది కొని, తర్వాత మంచి కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను ధ్వని సంకేతంగా మార్చే భాగం) వేయించుకోవచ్చా? 38,000ది 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో ఇస్తామంటున్నారు. ఆక్స్ ఉన్న పవర్డ్ స్పీకర్లు (ఆంప్లిఫయర్ లోపలే ఉన్నవి) ఇంట్లో ఉన్నాయి.

జవాబు: అత్యవసర నిధి జోలికి పోవడం లేదు కాబట్టి ఈ 45,000 ఖర్చు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. చిక్కల్లా మీ వరసలోనే ఉంది. ఎల్పీ60ఎక్స్‌కు కార్ట్రిడ్జ్ మార్చడం కుదరదు. అది టోన్ ఆర్మ్‌లో, అంటే ముల్లును రికార్డు మీద మోసే చేతిలో, భాగంగానే వస్తుంది. ముల్లు అరిగితే దానికి సరిపడే ముల్లు వేసుకోవచ్చు, అంతవరకే. ముల్లు గాడి మీద మోపే బరువు సర్దుకోవడానికి ఆర్మ్ వెనక గుండు కూడా ఉండదు. రేపు ఇంకా మంచి ధ్వని కావాలనిపిస్తే ప్లేయర్‌నే అమ్మి, వచ్చిన కాడికి పుచ్చుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పైగా దానికి 33, 45 వేగాలే ఉన్నాయి. మీ పాతిక ప్లేట్లు మూల పడే ఉంటాయి. ఎప్పుడో ఒకసారి వినేవారికి అది మంచి ప్లేయరే, మీ అవసరానికి మాత్రం కాదు.

సూట్‌కేస్ ప్లేయర్ మాటే వద్దు. వాటిలో సాధారణంగా సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, గాడి మీద 5, 6 గ్రాముల బరువు మోపుతుంది. నాన్నగారి ఎల్పీలు అరిగిపోతే డబ్బు పెట్టినా తిరిగి దొరకనివి వాటిలో ఎన్నో ఉంటాయి. చవగ్గా వస్తోందని వాటిని పణంగా పెట్టకండి.

ఎల్పీ120ఎక్స్ తీసుకోండి. అందులో వీఎం95ఇ కార్ట్రిడ్జ్ వస్తుంది. దాని బాడీ, ముల్లు వేరువేరు భాగాలు. అదే బాడీకి వీఎంఎన్95 వరసలోని ఏ ముల్లయినా సరిపోతుంది. కొస ఆకారాన్ని బట్టి వాటి పేర్లు: కోనికల్, ఎలిప్టికల్, మైక్రోలీనియర్, షిబాటా, చివరికి 78 ప్లేట్లకు పనికొచ్చే ఎస్పీ కూడా. అంటే మీరు కార్ట్రిడ్జ్ మార్చడం అనుకుంటున్న పని ఇక్కడ ముల్లు మార్చడంతో అయిపోతుంది. స్క్రూలు విప్పడం, నాలుగు సన్నటి వైర్లు పీకడం, ప్రొట్రాక్టర్ పెట్టి కోణం చూడటం ఏదీ ఉండదు.

ఇప్పుడు అసలు లెక్క. కంపెనీ చెప్పే ఆయుష్షు ఎలిప్టికల్ ముల్లుకు (ప్లేయర్‌తో వచ్చేది ఇదే) 300 గంటలు, మైక్రోలీనియర్‌కు 1,000 గంటలు. కొత్త ఎలిప్టికల్ ముల్లు 4,500కు, మైక్రోలీనియర్ 15,000కు దొరికిందనుకోండి. రెండింటికీ గంటకు పడేది 15 రూపాయలే! ఖరీదైన ముల్లు అనుకున్నది నిజానికి ఖరీదు కాదు, ఒకేసారి కట్టాల్సి రావడమే ఇబ్బంది. మీ ఊళ్లో ధరలు వేరైతే ధరను గంటలతో భాగించి చూసుకోండి. కానీ ప్లేయర్ కొన్న రోజే మైక్రోలీనియర్ వేస్తే, పెట్టెతో పాటు వచ్చిన 300 గంటల ముల్లు డబ్బాలో పడుతుంది. దానికి మీరు డబ్బు కట్టేశారు. ముందు దాన్ని వాడుకోండి.

రోజుకు ఒక ఎల్పీ, రెండు వైపులా కలిపి 40 నిమిషాలు అనుకుంటే నెలకు 20 గంటలు. 300 గంటలకు 15 నెలలు. కాబట్టి ప్లేయర్ ఇంటికొచ్చిన నెలలోనే బ్యాంకులో నెలకు 1,000 చొప్పున 15 నెలల ఆర్‌డీ తెరవండి. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది, దీనికి పనికిరాదు. ప్లేయర్ పక్కన చిన్న నోట్‌బుక్ పెట్టి, ఎల్పీ వేసినప్పుడల్లా ఒక గీత గీయండి. 450 గీతలయ్యేసరికి ముల్లూ అరుగుతుంది, డబ్బూ చేతికొస్తుంది. అరిగిన ముల్లును ఇంకో ఆర్నెల్లు లాగించడం పొదుపు కాదు, అది గాడిని చెక్కేస్తుంది.

ఈఎంఐ వద్దు. డబ్బు చేతిలో ఉంది కదా! నో కాస్ట్ అన్నా బ్యాంకు వడ్డీ వేస్తుంది, దుకాణం ఆ మేరకు ధర తగ్గించి చూపిస్తుంది. ఏటా 16 శాతం వడ్డీ అనుకుంటే 38,000కు ఏడాదిలో వడ్డీ 3,100 దాకా ఉంటుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ, దాదాపు 560, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఆ 3,100 తగ్గింపును నగదు ధరలోనే ఇమ్మని అడగండి, ఇవ్వకపోయినా నష్టం లేదు.

మిగిలిన 7,000లో ముల్లు మోపే బరువు కొలిచే డిజిటల్ స్టైలస్ గేజ్, కార్బన్ ఫైబర్ బ్రష్, లోపలి కవర్లు కొనండి. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని స్పీకర్లకు సరిపడేలా పెంచే ప్రీఆంప్ కొనక్కర్లేదు, ఎల్పీ120ఎక్స్‌లోనే ఉంది. స్పీకర్ల ఆక్స్‌కు కలిపేటప్పుడు వెనక మీటను లైన్ వైపు పెట్టండి. ఫోనో వైపు ఉంటే ధ్వని పీలగా, బేస్ లేకుండా వస్తుంది. స్పీకర్లు పాడయ్యాయనుకుని కొత్తవి కొనేస్తారు చాలామంది.

బరువు సర్దడం దగ్గర తొందరపడకండి. యాంటీ స్కేట్ (ఆర్మ్ లోపలి వైపు లాగబడకుండా ఆపే సర్దుబాటు) సున్నాలో ఉంచి, ముల్లు తొడుగు తీసి, ఆర్మ్ గాలిలో అడ్డంగా తేలే దాకా వెనక గుండు తిప్పండి. అప్పుడు గుండును కదలనీయకుండా ముందున్న అంకెల రింగును మాత్రం సున్నాకు తేండి. తర్వాత రెండూ కలిపి 2.0కు తిప్పండి. గేజ్ మీద 1.8 నుంచి 2.2 గ్రాముల మధ్య చూపాలి. యాంటీ స్కేట్ కూడా 2కు పెట్టండి. రికార్డు అరక్కుండా ఉంటుందని బరువు 1 గ్రాముకు తగ్గించే అలవాటు కొందరికుంది. తేలికైన ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి ఇంకా ఎక్కువ పాడుచేస్తుంది. లేబుల్ దగ్గరి పాటల్లో ‘స’, ‘ష’ చిరచిరలాడితే ముందు ఈ బరువు, ముల్లుకు చుట్టుకున్న దుమ్ము చూడండి. ఆ తర్వాతే అరుగుదలను అనుమానించండి.

78 ప్లేట్ల గాడి వెడల్పు. ఎల్పీ ముల్లు అందులో అడుగుకు జారిపోతుంది, గరగర తప్ప పాట సరిగా రాదు. ఎస్పీ ముల్లు వచ్చేదాకా అవి ఆగాలి. అది వేసినప్పుడల్లా దాని పెట్టె మీద రాసిన బరువుకు గుండు మార్చి, ఎల్పీకి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ 2.0కు తేవడం మరవకండి.