ఖైబర్ పోస్టుకార్డులు లండన్ పంపొచ్చా?

ప్రశ్న: ఖైబర్ కనుమ దారిలోని బోర్డుల పాత పిక్చర్ పోస్టుకార్డులు సేకరిస్తుంటాను. చాలావరకు 1920లు, 30ల నాటివి. కొన్ని లండన్‌లో ఉన్న మా తమ్ముడికి పంపాలని, కొన్నిటితో క్యాలెండర్ వేసి అమ్మాలని ఉంది. పురావస్తువుల చట్టం కింద కేసవుతుందని ఒకాయన అనేసరికి టెన్షన్ పట్టుకుంది. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కార్డులు కొని దాచుకోవడానికి మీకు ఏ అనుమతీ అక్కర్లేదు. శిల్పాలు, పెయింటింగులు, బొమ్మలున్న రాతప్రతుల వంటివాటికే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అచ్చు ఫోటో కార్డు ఆ జాబితాలో లేదు.

చిక్కంతా దేశం దాటించడంలోనే. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం చారిత్రక ఆసక్తి ఉన్న ఏ వస్తువుకైనా వందేళ్లు నిండితే అది పురావస్తువే. ఒంటెల బిడారు ఒక దారిన, మోటారు కారు ఇంకో దారిన వెళ్లాలని, చదువు రానివాళ్లకూ తెలిసేలా బొమ్మలతో చూపిన బోర్డు ఖైబర్‌లో ఉండేది. ఆ బోర్డు ఫోటో ఉన్న కార్డుపై 1924 తపాలా ముద్ర ఉందనుకోండి, వందేళ్లు దాటినట్టే. వెనకవైపు ఏ సైనికుడో ఇంటికి రాసిన ఉత్తరం ఉంటే ఇంకా జాగ్రత్త: చారిత్రక విలువున్న పత్రాలకు 75 ఏళ్లే గడువు. వేలల్లో అచ్చేసిన కార్డు పురావస్తువు ఎలా అవుతుందని వాదించొచ్చు, ఆ వాదనలో బలమూ ఉంది. కానీ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగాక వాదించి లాభం లేదు. పురావస్తువును దేశం దాటించిన నేరం రుజువైతే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, జరిమానా. అందుకే ముందే కేంద్ర పురావస్తు శాఖకు కార్డులు చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. వివాదం వస్తే ఆ శాఖ డైరెక్టర్ జనరల్‌దే తుది మాట. ఈలోగా తమ్ముడికి స్కాన్లు పంపండి, చాలు.

ఇక క్యాలెండర్. కార్డు మీ సొంతమైనంత మాత్రాన ఫోటోపై కాపీరైట్ మీది కాదు. అయితే కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణకు ముందు మన దగ్గర ఫోటోలకు ప్రచురణ నుంచి 60 ఏళ్లే రక్షణ ఉండేది. 1951 లేదా అంతకుముందు ఇక్కడ అచ్చయిన కార్డుల హక్కు ఆ సవరణ నాటికే తీరిపోయింది, మళ్లీ బతకలేదు. కాబట్టి నిశ్చింతగా వేసుకోండి. వెనకవైపు చేతిరాత మాత్రం అచ్చేయకండి, ఆ ఉత్తరంపై హక్కు వేరే లెక్క. బ్రిటన్‌లో ఫోటోగ్రాఫర్ చనిపోయాక 70 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. ఖైబర్ దగ్గరి పెషావర్‌లో స్టూడియో నడిపిన ఫోటోగ్రాఫర్ ఆర్.బి. హోమ్స్ 1973లో చనిపోయారు. ఆయన ఫోటోలున్న క్యాలెండర్‌ని తమ్ముడి ద్వారా అక్కడ అమ్మాలనుకుంటే, ముందు అక్కడి లాయర్‌ని అడగండి.